దయ్యం కుండకి మూత

పడవకి రంగు అయింది, మోటారు అయింది, ఎండ తగలకుండా పైన నీలం గుడ్డ పందిరి కూడా అయింది. పేరొక్కటే కాలేదు. దీవిలోని సాంతాంజెలో ఊరి రేవులో ఆ వారం ఎవరు ఎదురుపడినా అదే అడిగారు. ఈస్టర్ వెళ్ళిన మరుసటి ఆదివారం ఫాదర్ గారు వచ్చి పడవ మీద పవిత్రజలం చల్లాలి. పేరు లేని పడవని ఆయన ఏమని పిలిచి దీవిస్తాడు? రంగులవాడు అప్పటికే రెండుసార్లు కుంచె పట్టుకుని వచ్చి, రెండుసార్లూ కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

పేరు తేలకపోవడానికి కారణం ఇద్దరు మనుషులు. ఒకడు పడవ కొన్న అనియెల్లో. రెండోది అతని తల్లి ఎర్మెలింద. అనియెల్లోకి 'సముద్ర తార' అని పెట్టాలని ఉంది. వేసవిలో దీవి చూడటానికి వచ్చిన జనాన్ని రేవు నుంచి వేడి ఇసుక తీరానికీ, వేణ్ణీళ్ళ లోయకీ చేరవేసే పడవ అది. వినగానే అర్థమై, నోరు తిరిగే పేరైతే బాగుంటుందని అతని వాదన. ఎర్మెలింద ఆ పేరు విని ముక్కు ఎగబీల్చింది. రేవులో ఇప్పటికే ఉన్న తారలు చాలవా అంది. ఒకడు 'ఓ తారా' అని కేకేస్తే సగం రేవు తల తిప్పుతుందట.

ఆమె పెట్టమన్న పేరు 'దయ్యం కుండ'.

అది వాళ్ళింటి పేరు. కాగితాల మీద ఉన్న ఇంటిపేరు కాదు. కాగితాల పేరు పెట్టి పిలిస్తే ఊళ్ళో సగంమంది పలుకుతారు కాబట్టి దానితో ఎవరికీ పని లేదు. ఇక్కడ మనిషిని పట్టుకోవాలంటే ఎగతాళి పేరే గతి. తలుపు తట్టే పోస్టుమాన్ నుంచి చావు కబురు గోడకి అంటించేవాడి దాకా అందరూ వాడేది అదే. ఒకరిది 'కుంటి మేకోళ్ళ' ఇల్లు, ఒకరిది 'ఉప్పు దొంగ' ఇల్లు. ఎర్మెలిందది దయ్యం కుండోళ్ళ ఇల్లు.

"అమ్మా, జర్మనీ నుంచి వచ్చిన ముసలావిడ దయ్యం కుండ ఎక్కుతుందా?" అన్నాడు అనియెల్లో.

"వేణ్ణీళ్ళ లోయలో నా చేత ఒళ్ళంతా బురద పూయించుకున్న ముసలాళ్ళురా వాళ్ళు. దేంట్లోనైనా ఎక్కుతారు."

"ఫాదర్ గారు ఒప్పుకోరు."

"గుళ్ళో మన మిఖాయేలు దూత కాలి కింద ఎవరున్నారు? దయ్యమే కదా. అది లేకపోతే ఆయన నిలబడేదెక్కడ?"

మాటకి మాట అప్పజెప్పడంలో ఆమెకి సాటి లేదని ఊరికి తెలుసు. కానీ ఆ రోజు అనియెల్లో చివరికి ఒక మాటన్నాడు. ఆ పేరు పెట్టి బళ్ళో తనని ఎంత ఏడిపించారో ఆమెకి తెలీదన్నాడు. కొండమీది కుర్రాళ్ళు వేళ్ళతో కొమ్ములు చూపించేవాళ్ళు, చొక్కాకి వెనక తాడు తోక కట్టేవాళ్ళు, తను ఇంటికొచ్చేముందు ఆ తోక విప్పి సముద్రంలో పారేసి వచ్చేవాడు. "నా పిల్లల్ని కూడా అలాగే ఏడిపించమంటావా? ఆ పేరు నాతో పోవాలి" అన్నాడు.

ఆ తోక సంగతి ఎర్మెలింద అప్పటిదాకా వినలేదు. అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది: ఆ పేరు లేని పడవలో తను కాలు పెట్టదు, దీవెన రోజు రేవుకే రాదు. తల్లి పేరు తుడిచేసిన చెక్క ముక్కలో కొడుకు తనని కూర్చోబెట్టడమేంటని గొణుక్కుంటూ, కుందేళ్ళకి మేత వెయ్యడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. పెంచడానికి తవ్విన గోతిలో కుందేళ్ళు ఆమె గొంతు విని చెవులు నిక్కించాయి. అక్కడ కూర్చుని చాలాసేపు వాటితోనే పోట్లాడింది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. యుద్ధం అయిపోయిన కొత్తల్లో ఒక చలికాలం, క్రిస్మస్ ముందు, సముద్రం వారాల తరబడి పడవల్ని దిగనివ్వలేదు. ఎర్మెలింద అప్పుడు ఇంకా పాలపళ్ళు ఊడని పిల్ల. జ్వరంతో మంచం మీద ఉంది. ఇంట్లో గుప్పెడు బీన్సు గింజలు ఉన్నాయి కానీ వండటానికి ఎండు పుల్ల లేదు. తీరంలో ఎవరికీ లేదు. కట్టెలన్నీ కొండమీద సెర్రారా ఊరివాళ్ళవి. అక్కడ చెస్ట్‌నట్ అడవులున్న ఇల్లు ఒకటి ఉండేది. యజమానురాలు యూఫేమియా దొరసాని, వాళ్ళ మాటలో దొన్నా యూఫేమియా. ఎర్మెలింద తల్లి కార్మోసిన వానలో ఆ మెట్లన్నీ ఎక్కి వెళ్ళి, ఒక మోపెడు పుల్లలు ఇప్పించమని అడిగింది. చేపలు పడగానే తెచ్చి ఇస్తానంది.

దొన్నా యూఫేమియా గుమ్మంలోనే నిలబడి, నవ్వుతూనే అంది. "మీ కాళ్ళ కింద దయ్యం వంటిల్లు పెట్టుకుని మా అడివికెందుకొచ్చావే? పో, దాన్నే వండిపెట్టమను."

పక్కన నిలబడ్డ ఆమె కొడుకు, చిన్నవాడు, పగలబడి నవ్వాడు. కార్మోసిన ఇంకేమీ అడగలేదు. మెట్లు దిగి ఇంటికొచ్చి, గింజలు కుండలో పోసి, నీళ్ళు పోసి, మూత పెట్టి, మూత అంచు చుట్టూ పిండి ముద్ద అంటించి, ఆ కుండ నెత్తిన పెట్టుకుని తీరానికి నడిచింది. అక్కడ ఇసుకలోంచి ఆవిరి ఎప్పుడూ లేస్తూనే ఉంటుంది. కొండ కింద పడుకున్న రాక్షసుడు ఊపిరి వదులుతున్నాడని ముసలాళ్ళంటారు. కాలు పెడితే బొబ్బలెక్కే చోట గొయ్యి తీసి, కుండ పాతి, గొయ్యి పూడ్చి, ఆ వానలోనే పక్కన కూర్చుంది. కాళ్ళు కాలుతున్నాయి, వీపు గడ్డకడుతోంది. సాయంత్రానికి గింజలు వెన్నలా ఉడికాయి.

జ్వరం పిల్ల నోటికి చెంచా అందిస్తూ కార్మోసిన అన్న మాట ఎర్మెలిందకి ఇప్పటికీ చెవిలో ఉంది. "తినమ్మా. దయ్యం మనకోసం వండింది. చల్లారితే దానికి కోపం వస్తుంది."

తరవాతి వారం కల్లా ఆ పేరు ఊరంతా పాకింది. కొండమీది పిల్లాడు మెట్లన్నీ దిగొచ్చి మరీ పాడాడు, 'దయ్యం కుండ, దయ్యం కుండ' అని. కట్టెలు కొనలేని వాళ్ళే ఇసుకలో వండుతారని అప్పుడు లోకానికి చులకన. కార్మోసిన ఏడవలేదు. మేకు తీసుకుని కుండ అడుగున రెండు కొమ్ములు గీసింది. పేరు వాళ్ళు పెట్టారు, సంతకం నేను పెట్టుకుంటానంది. ఆ తరవాత ఎవరైనా నువ్వెవరి మనిషివని అడిగితే, వాళ్ళ నోటికి పని లేకుండా ఆమే చెప్పేది, దయ్యం కుండ కార్మోసినని. బతికున్నన్నాళ్ళూ ఆదివారం వంట కట్టెల మీద వండలేదు. చనిపోయేముందు కుండ కూతురి చేతిలో పెట్టి, కొండమీది ఆ ఇంటి పుల్ల దీని కింద మండకూడదని మాట తీసుకుంది.

ఎర్మెలింద ఆ మాట నిలబెట్టింది. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, దాని మీద కాఫీ కాస్తుంది, మిగతా ఆరు రోజులూ పాస్తా ఉడికిస్తుంది. దాన్ని ఎత్తిచూపితే, దయ్యానికి కూడా వారానికి ఆరు రోజులు సెలవుండాలి కదా అంటుంది. ఆదివారం మాత్రం కుందేలు ఇసుకలోకి వెళ్ళాల్సిందే. తోలు తియ్యని వెల్లుల్లి, గుత్తులుగా కట్టి వేలాడదీసిన చిన్న టమాటాలు, కొండ వాలు మీద కోసిన ఘాటైన ఆకు, ఇంటి తెల్ల వైను. మిగతాది కింద ఉన్నవాడు చూసుకుంటాడు.

పెళ్ళయ్యాక ఎక్కువకాలం ఆమె వేణ్ణీళ్ళ లోయలో పనిచేసింది. రాతిలో తొలిచిన పాత స్నానాల గదులు అక్కడ ఉన్నాయి. వచ్చినవాళ్ళకి వేడి బురద పూసి, దుప్పట్లు చుట్టి, చెమట పట్టాక కడిగి పంపడం ఆమె పని. గ్రీకులొచ్చారు, రోమన్లొచ్చారు, రాజులొచ్చారు, అందరూ మా వేణ్ణీళ్ళు పోసుకుని పోయారు, మేం ఉన్నాం అనేది. వాళ్ళని చూసినట్టే మాట్లాడేది, పోయిన వేసవిలో అద్దెకున్నవాళ్ళని గురించి చెప్పినట్టు. గంధకం వాసనకి ముక్కు మూసుకున్న ఒక మిలాను పెద్దమనిషిని, మీ ఊరి కింద ఏముందయ్యా అని అడిగింది. ఆయన ఆలోచించి, మెట్రో రైలు ఉందన్నాడు. మా ఊరి కింద నిప్పుంది అని చెప్పి, బురద కాస్త ఎక్కువే పూసింది. భర్త వీతో ఆ కథ రేవులో చెప్పుకుని మురిసిపోయేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఇసుకలో కుండ పాతడానికి గొయ్యి ఆయనే తీసేవాడు. ఇప్పుడు ఆమే తీసుకుంటుంది, ఎవరినీ ముట్టనివ్వదు.

కాలం తిరగబడింది. ఒకప్పుడు లేమికి గుర్తైన ఇసుక వంట ఇప్పుడు సరదా అయింది. పరాయి ఊళ్ళవాళ్ళు కోడిగుడ్లు పాతి ఫొటోలు తీసుకుంటున్నారు. ఈస్టర్ మర్నాడు సోమవారం దీవిలో ఎవరూ ఇంట్లో వండరు. ఆ రోజు వేడి ఇసుక మీద మనిషికి మనిషి తగులుతాడు. తీరం వాళ్ళకి దానికొక పద్ధతుంది. కుండ పాతి, దాని నెత్తిన గుర్తు పెట్టరు. పైనుంచి ఆవిరి తగిలితే రెల్లు కర్ర మెత్తబడి పడిపోతుంది. అందుకని కుండకి చేతి దూరంలో, సముద్రం వైపు, కర్ర పాతుతారు. తవ్వేటప్పుడు కర్ర నుంచి కొండ వైపు చెయ్యి చాపి అక్కడ తవ్వుతారు. కొండమీది వాళ్ళు ద్రాక్షతోటల్లో పెరిగినవాళ్ళు. వాళ్ళకి కర్ర ఎక్కడుంటే మొక్క అక్కడే.

ఆ సోమవారం ఎర్మెలింద పొద్దున్నే కుండ పాతి, కర్ర నాటి, పైకి వెళ్ళి బండ మీద తన జట్టు ముసలాళ్ళతో కూర్చుంది. అనియెల్లో, కోడలు నూంజియ, పిల్లలు ఎండ ముదిరాక వచ్చారు. తల్లీకొడుకులు పలకరించుకున్నారు కానీ పడవ మాట ఎవరూ ఎత్తలేదు. నూంజియ ఇద్దరి మధ్యా రొట్టె కోస్తూ కూర్చుంది.

అదే రోజు సెర్రారా నుంచి దోన్ లిబోరియో ఇల్లంతా దిగి వచ్చింది. దోన్ లిబోరియో అంటే ఆ దొన్నా యూఫేమియా కొడుకే, మెట్లు దిగొచ్చి పాట పాడిన పిల్లాడు. ఇప్పుడు చేతికర్ర సాయంతో నడిచే ముసలాయన. ఇన్నేళ్ళలో వాళ్ళు ఇసుక మీద అడుగు పెట్టింది లేదు. ఇద్దరు కోడళ్ళు ముచ్చటపడ్డారని వచ్చారు. ఆ ఇద్దరూ ఒక కోడిని వెండికాగితంలో చుట్టి, ఎర్మెలింద కర్రకి దగ్గర్లోనే పాతి, దాని నెత్తి మీదే తమ కర్ర గుచ్చి, వేణ్ణీటి గుంటలో కాళ్ళు నానబెట్టుకోవడానికి పోయారు.

ఆకలేసి తవ్వడానికి వచ్చింది మగవాళ్ళు. ఏం వండారో వాళ్ళకి తెలీదు. వాళ్ళింట్లో మగవాళ్ళు పళ్ళెంలోకి వచ్చేదాకా ఏమీ అడగరు. తమ కర్ర కింద తవ్వబోతుంటే పక్కన తీరం మనిషొకడు నవ్వి, అక్కడ కాదయ్యా, కర్ర నుంచి కొండవైపు చెయ్యి చాపి తవ్వండి అని పద్ధతి చెప్పాడు. బుద్ధిగా అలాగే చెయ్యి చాపారు. ఎర్మెలింద కుండ తగిలింది. లోపల ఏముందో చూద్దామని పిండి ముద్ద చిదిపి మూత ఎత్తితే ఆవిరికి వేళ్ళు కాలాయి. మూత గోతిలో పడింది. అది ఎవరికి కావాలనుకుని, వాసనకి మైమరిచి, కుండని తువ్వాల్లో పట్టుకుని పోయారు.

తరవాత ఆ ఇంటివాళ్ళ మధ్య జరిగింది తీరమంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. కోడళ్ళు వచ్చేసరికి అందరూ తింటున్నారు. కోడి కుందేలెలా అయిందని ఇద్దరికీ అనుమానం వచ్చింది. పెద్దకోడలు ఇది చిన్నది ఇంటి దగ్గర చాటుగా వండి తెచ్చిందనుకుంది. చిన్నకోడలు పెద్దది తెచ్చిందనుకుంది. మామగారు వేళ్ళు నాక్కుంటూ, మా అమ్మ పోయాక మా ఇంట్లో ఇలాంటి కుందేలు ఎవరూ వండలేదు అనేసరికి, ఇద్దరూ నోరు విప్పకుండా ఆ పొగడ్త చెరి సగం పంచుకున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, వాళ్ళకి అది పొరుగింటిదని కూడా తెలీదు.

ఇక్కడ ఎర్మెలింద కర్ర నుంచి చెయ్యి చాపి తవ్వింది. మూత దొరికింది. చుట్టూ చిదిపిన పిండి ముక్కలు దొరికాయి. కుండ లేదు.

ఆమె అరవలేదు. మూతకి అంటిన ఇసుక గౌను అంచుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, ఆ గొయ్యి పక్కనే కూలబడింది. మిగతా ముసలాళ్ళు ముందు నోళ్ళు నొక్కుకున్నారు, తరవాత ఒకతె ఆగలేక అనేసింది, దయ్యం కుండలు చేస్తుంది కానీ మూతలు చెయ్యదని. తప్పు చేసినవాడు ఎంత దాచినా బయటపడతాడని చెప్పడానికి ఇక్కడ వాడే సామెత అది. ఈ రోజు దయ్యం తన కుండ తీసుకుని, తనది కాని మూత వదిలేసినట్టయింది. నవ్వు బండ నుంచి బండకి పాకింది. ఎవరో కుర్రవాడు వేళ్ళతో కొమ్ములు పెట్టాడు.

"చూశావా?" అన్నాడు అనియెల్లో, మొహం కందగడ్డలా చేసుకుని. "అది పేరు కాదమ్మా. మనల్ని చూసి నవ్వడానికి వాళ్ళకి దొరికిన కొక్కెం. దాన్ని పడవకి తగిలించమంటావు."

ఎర్మెలింద మూత వైపు చూస్తూనే ఉంది. ఆ కుండ కోసం కార్మోసిన కాళ్ళు కాలాయి. అది ఎవరి చేతిలో ఉందో, పగిలిందో ఉందో తెలీదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నూంజియ అప్పుడే మొదటిసారి చూసింది. అత్తగారు ఏడవగలదని ఆమెకి అంతవరకూ తట్టలేదు.

అక్కడ దోన్ లిబోరియో రొట్టె ముక్కతో కుండ అడుగు తుడుచుకుని తిని, ఎంత బరువుందో చూద్దామని దాన్ని ఎత్తాడు. కింద వేళ్ళకి ఏదో గీత తగిలింది. తిప్పి చూశాడు. రెండు కొమ్ములు. ముసలాయనకి మెట్లు దిగి తను పాడిన పాట గుర్తొచ్చింది. ఇది ఎవరు వండారని అడిగాడు. కోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూపించుకున్నారు.

ఆయన లేచాడు. కొడుకులు మేం ఇచ్చి వస్తామన్నా వినలేదు. చేతికర్ర కూడా మర్చిపోయి, ఖాళీ కుండ రెండు చేతులా పట్టుకుని, ఆ కాలే ఇసుక మీద నడుచుకుంటూ వచ్చాడు. జనం నవ్వడం ఆపారు, కొండమీది దొర ఇలా నడవడం ఎవరూ చూడలేదు మరి. బండల దగ్గరికి వచ్చి ఆగి, కుండ చంకన పెట్టుకుని, నెత్తి మీది టోపీ తీశాడు.

"దయ్యం కుండోళ్ళు ఎవరు ఇక్కడ?" అని అడిగాడు.

అనియెల్లో పిడికిలి బిగించే లేచాడు. ఆ పేరు ఎప్పుడు విన్నా దాని వెనక కొమ్ములో, తోకో ఉండేది. ఇప్పుడు దాని వెనక టోపీ తీసిన ముసలాయన ఉన్నాడు, బట్టతల మీద ఎండ పడుతోంది, గడ్డానికి ఇంకా తమ పులుసే అంటి ఉంది. అనియెల్లో తల్లి వైపు చూశాడు.

"మేమే" అన్నాడు అనియెల్లో. ఆ మాట తన నోటితో అనడం అతనికి అదే మొదటిసారి.

"మీ కుందేలు తినేశాం, నాయనా. తెలీక తిన్నాం. మా అమ్మ చేతి వంటలా ఉందని కూడా అన్నాను." ముసలాయన గొంతు సవరించుకుని ఎర్మెలింద వైపు తిరిగాడు. "కార్మోసినకి నువ్వేమవుతావమ్మా?"

"కూతుర్ని. ఆ రోజు జ్వరంతో పడుకున్నదాన్ని."

"ఆ రోజు గుమ్మంలో నేనూ ఉన్నాను. నవ్వాను. తరవాత పాట కూడా కట్టాను."

"తెలుసు దోన్ లిబోరియో. బాగా పాడేవాడివి. మెట్ల మీద ఊపిరందేది కాదు గానీ" అంది ఎర్మెలింద. చుట్టూ ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెయ్యి చాపి కుండ తీసుకుంది, తిప్పి అడుగు చూసుకుంది, ఒళ్ళో ఉన్న మూత దాని మీద పెట్టింది. సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ముసలాయన ఇంకా కదల్లేదు. ఎవరింటి గిన్నెనీ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని తమ ఇంట్లో కూడా తెలుసనీ, ఇప్పుడు చేతిలో ఏమీ లేదనీ, రేపు వస్తాననీ చెప్పి, టోపీ పెట్టుకోకుండానే వెనక్కి వెళ్ళాడు. కొండ కోడళ్ళు సిగ్గుతో చచ్చిపోతూ తమ కోడిని తెచ్చి ఇచ్చారు. అది సగం పచ్చిగా ఉంది. నూంజియ దాన్ని మళ్ళీ పాతింది, కర్ర నుంచి చెయ్యి చాపి.

మర్నాడు పొద్దున్న రేవులో అందరూ ఉన్న వేళ ఆయన వచ్చాడు. వెంట ఇద్దరు కొడుకులున్నా మోపు తనే మోస్తున్నాడు. చీల్చి ఎండబెట్టిన చెస్ట్‌నట్ కట్టెలు, వాటిలో ఒక వెడల్పాటి పలక కూడా ఉంది. అన్ని మెట్లూ దిగి వచ్చిన మనిషికి ఊపిరందడం లేదు. మోపు ఎర్మెలింద కాళ్ళ దగ్గర దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మ అడిగింది ఇదే" అన్నాడు ఊపిరి చిక్కాక. "ఆలస్యమైంది."

రేవు మొత్తం ఎర్మెలింద వైపు చూసింది. ఆమె వంగి ఒక కట్టె చేతిలోకి తీసుకుని, వాసన చూసి, మళ్ళీ మోపులో పెట్టింది. ఆమెకి ఆ క్షణంలో తల్లి తడిసిన వీపు గుర్తొచ్చింది. ఇది వద్దని తోసెయ్యాలని ఉంది. తీసుకోవాలనీ ఉంది.

"మంచి కట్టెలు. కానీ దోన్ లిబోరియో, మీ ఇంటి పుల్ల మా కుండ కింద మండకూడదని అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. నేను తప్పను."

ముసలాయన తల దించుకున్నాడు. కొడుకులు మోపు ఎత్తడానికి వంగారు. అప్పుడు అనియెల్లో అడ్డం వచ్చి, మోపులోంచి ఆ వెడల్పాటి పలక లాగాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు, పడవ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి ఆనించి చూశాడు.

"మండకూడదంది. తేలకూడదని అనలేదు కదా అమ్మమ్మ" అన్నాడు.

ఎర్మెలింద కొడుకు మొహంలోకి చూసింది, ఆ పలక వైపు చూసింది. తరవాత, పేరు పెద్ద అక్షరాల్లో రాయించు, చిన్నగా రాస్తే సిగ్గుపడి రాశారనుకుంటారు అంది. రంగులవాడు కాఫీ తాగకుండానే కుంచె తీశాడు. మిగతా కట్టెలు గుడికి పంపారు, చలికాలంలో ఎవరికి పుల్ల లేకపోతే వాళ్ళు అడక్కుండా తీసుకెళ్ళేలా.

ఆదివారం రేవు నిండిపోయింది. కొండ మీదినుంచి కూడా జనం దిగారు. పడవ ముక్కుకి ఆ చెస్ట్‌నట్ పలక, దాని మీద ఎర్రటి అక్షరాల్లో దయ్యం కుండ, పక్కన రెండు చిన్న కొమ్ములు. కొమ్ములు రాయమని ఎవరూ చెప్పలేదు, అనియెల్లో తనే గీశాడు. అతని చిన్నకూతురు స్నేహితులందరికీ వేళ్ళతో కొమ్ములు పెట్టి చూపిస్తూ, మా పడవ గుర్తు ఇదే అని చెప్పుకుంటోంది. అది చూసి అనియెల్లో కాసేపు మొహం సముద్రం వైపు తిప్పుకున్నాడు.

ఎర్మెలింద పెళ్ళిళ్ళకి వేసుకునే నల్ల పట్టు గౌను తొడుక్కుని, ఒళ్ళో కుండతో ముందు బల్ల మీద కూర్చుంది. ఫాదర్ గారు మిగతా ప్రార్థనంతా నిదానంగా చదివి, పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి గబగబా దాటేశారు. ఆ కుండలో కుందేలు ఆయన కూడా తిన్నవాడే, ఎక్కువ బెట్టు చెయ్యలేదు. నీళ్ళు చల్లడం అయ్యాక వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా అనబోయారు గానీ రేవంతా విన్నది.

"ఎర్మెలిందా, దయ్యం కుండలు చేస్తుంది కానీ మూతలు చెయ్యదని తెలుసుగా?"

"తెలుసు ఫాదర్" అంది ఎర్మెలింద, కుండ మీద చెయ్యి వేసి. "మూత మా అమ్మ చేసింది."